బొగ్గుబాయి కూడా బావే

డ్రెస్సర్ గారి స్మారక ఉపన్యాసం
(మలేసియాలోని పోర్ట్ క్లాంగ్‌లో చేసిన ప్రసంగానికి అచ్చు రూపం)



ఈ ఉపన్యాసానికి పెట్టిన ధర్మనిధి పత్రంలో ఒక షరతుంది. ఎవరి జ్ఞాపకార్థం ఈ ఉపన్యాసం జరుగుతుందో ఆయన పేరు ఆహ్వానం మీద గాని, పుస్తకం మీద గాని వెయ్యకూడదు. ‘డ్రెస్సర్ గారు’ అంటే చాలు. ఆయన బతికుండగా కోరిన కోరిక అది. నేనూ దాన్ని పాటిస్తాను.

రబ్బరు తోటల్లో పుట్టిపెరిగిన మీకు డ్రెస్సర్ అంటే ఎవరో చెప్పక్కర్లేదు. అటు భారతదేశంలో ఈ పుస్తకం చదివేవారి కోసం ఒక్క మాట. మలయా ఎస్టేట్లకి డాక్టరు ఎప్పుడో ఒకసారి వచ్చి చూసి వెళ్ళేవాడు. మిగతా రోజులన్నీ కూలీ లైన్ల ప్రాణాలు డ్రెస్సర్ చేతిలో ఉండేవి. గాయానికి కట్టు కట్టేది ఆయన, క్వినైన్ మింగించేది ఆయన. లైన్ల వెనక మురుగు కాలవ ఆగిపోతే మేనేజరు దగ్గరికి పోయి నిలబడేది కూడా ఆయనే. బావిలో బ్లీచింగ్ పొడి కలిపేదీ ఆయనే.

నేను డ్రెస్సర్ గారిని ముసలితనంలోనే చూశాను. రెండుసార్లు. రెండోసారి ఆయన బీరువాలోంచి ఒక పొడుగాటి లెక్కల పుస్తకం తీసి నా ఒళ్ళో పెట్టారు. అందులో ఎస్టేటు బావి ఉంది. నిలువు గీతలు కొట్టి తేదీ, కురిసిన వాన, ఒర అంచు నుంచి నీళ్ళదాకా ఎన్ని అడుగులు, కలిపిన పొడి ఎంత అని వరసగా రాసుకున్నారు. చిట్టచివరి గడి పేరు ‘మాట’. ఆ గడిలో జనం అన్న మాటలు రాసేవారు. తుప్పు వాసనంటున్నారు. పప్పు ఉడకలేదట. ఇవాళ బాగున్నాయన్నారు. నీటి రసాయన శాస్త్రం చదువుకుని, ముప్పై ఏళ్ళకు పైగా బొగ్గుగనుల చుట్టూ బావుల నీళ్ళు సీసాల్లో పట్టి తిరిగిన నాకు ఇలాంటి గడి ఒకటి పెట్టాలని ఎప్పుడూ తట్టలేదు. అందుకే ఇవాళ్టి ఉపన్యాసానికి ఈ విషయం ఎంచుకున్నాను. బొగ్గుగని చుట్టూ ఉన్న బావుల్లో నీళ్ళెలా ఉన్నాయో ఎవరు చూడాలి, ఎప్పుడు చూడాలి, ఎంతకాలం చూడాలి? నేను చెప్పదలచుకున్నది ఒకటే. ఆ లెక్కల పుస్తకం గనికన్నా ముందు పుట్టాలి, గనికన్నా ఎక్కువకాలం బతకాలి.

1

మాట దగ్గర మొదలుపెడతాను. మా గోదావరి బొగ్గు ఊళ్ళలో గనిని గని అనరు, బాయి అంటారు. బొగ్గుబాయి. ‘నాయన బాయికి పోయిండు’ అంటే షిఫ్టుకి పోయాడని. నీళ్ళు చేదుకునే బాయీ బాయే, బొగ్గు తవ్వుకునే బాయీ బాయే. చిన్నప్పుడు ఇది మాకు వింతగా తోచేది కాదు. పట్నం వెళ్ళి చదువుకున్నాక, అక్కడివాళ్ళు నవ్వినప్పుడు, మా మాట మోటుమాట అనుకున్నాను. భూగర్భజలాల పాఠం మొదటిసారి విన్న రోజున తెలిసింది, ఆ మాటకన్నా సరైన శాస్త్రీయ నిర్వచనం ఇంకొకటి లేదని.

భూగర్భ సర్వే శాఖకి చెందిన విలియం కింగ్ 1871లో ఇల్లందు ప్రాంతంలో బొగ్గుని గుర్తించాడు. హైదరాబాద్ దక్కన్ కంపెనీ 1889లో తవ్వకం మొదలుపెట్టింది. సింగరేణి కాలరీస్ అనే పేరుతో కంపెనీ 1920లో నమోదైంది. ఈ చరిత్ర మీలో చాలామందికి తెలిసిందే. నాకు కావలసింది ఆ బొగ్గు ఏ రాతిలో ఉందన్నది. గోదావరి లోయలో బొగ్గు పొరలు బరాకర్ ఇసుకరాయి మధ్య పడుకుని ఉన్నాయి. ఆ ఇసుకరాయి స్పంజిలాంటిది. వాన నీళ్ళని పీల్చి, ఏళ్ళ తరబడి దాచి, ఊరి బావుల్లోకి ఊటగా వదిలేది అదే. అంటే బొగ్గు కోసం తవ్వే ప్రతి గజమూ ఊరి నీళ్ళగాదెలోంచే తవ్వుతున్నాం.

ఊరి బావి నాలుగైదు నిలువుల లోతు. బొగ్గుబాయి దానికి ఎన్నో రెట్లు లోతు. లోపల మనుషులు పనిచెయ్యాలంటే రాత్రీ పగలూ నీళ్ళు తోడుతూనే ఉండాలి. చుట్టుపక్కల నేలలోని నీరు అటు వాలుతుంది. నీటిమట్టం గనివైపు గరాటులా కుంగుతుంది. ఊళ్ళో అందరికన్నా లోతైన బావి, క్షణం ఆగని మోటరు ఉన్న బావి ఏదంటే, బొగ్గుబాయే. పల్లెలో ఒక రైతు తన పక్క రైతు బావికి అడ్డంగా లోతు బోరు వేస్తే పంచాయితీ పెడతాం. బొగ్గుబాయిని మాత్రం ఆ వరసలో ఎప్పుడూ లెక్కెయ్యలేదు. దాన్ని కర్మాగారం అనుకున్నాం, బావి అనుకోలేదు.

ఇందులోంచి ఒక సంగతి తేలుతుంది. నీటిమట్టం దిగిపోతే ఊరివాళ్ళు బావిలో పూడిక తీయిస్తారు, ఇంకా లోతు చేస్తారు, అడుగున బోరు దింపుతారు. ఆ బోరుకి తగిలేది వేరే పొర. ఆ పొరలో నీళ్ళు ఎన్నో తరాలుగా రాయిలో నానుతూ ఉన్నవి. ఉప్పు ఎక్కువ, ఇనుము ఎక్కువ, ఒక్కోచోట ఫ్లోరైడ్ ఎక్కువ. గనిలోంచి ఒక్క చుక్క మురుగు ఊరివైపు రాకపోయినా ఊరి నీళ్ళు మారిపోయాయి. అందుకని మట్టం రాయకుండా గుణం ఒక్కటే రాసిన నివేదిక నా దృష్టిలో సగం నివేదిక. డ్రెస్సర్ గారి పుస్తకంలో అడుగుల గడీ మాట గడీ ఒకే వరసలో ఉండడం చూసి నాకు ఒళ్ళు జలదరించింది.

2

ఇక గుణం సంగతి. ఇది కాస్త నెమ్మదిగా చెప్పుకోవాలి. పిల్లలూ, మీకు అర్థం కాకపోతే చెయ్యెత్తండి, మళ్ళీ చెబుతాను.

బొగ్గులో, దాని పక్క రాళ్ళలో పైరైట్ అనే ఖనిజం ఉంటుంది. ఇనుము, గంధకం కలిసిన పదార్థం, ఇత్తడి రంగులో మెరుస్తుంది. కోట్ల ఏళ్ళుగా నీళ్ళ అడుగున, గాలి తగలకుండా ఉన్నంతకాలం దానివల్ల ఏ హానీ లేదు. గనికోసం నీళ్ళు తోడేసరికి దానికి గాలి తగిలింది. గాలి, తేమ, వాటికి తోడు కంటికి కనపడని సూక్ష్మజీవులు. పైరైట్ కరుగుతుంది. గంధకామ్లం పుడుతుంది, ఇనుము నీళ్ళలోకి వస్తుంది. మేఘాలయ, అస్సాం బొగ్గుల్లో గంధకం ఎక్కువ. అందుకే అక్కడి గనుల పక్కన వాగులు నారింజరంగు తిరిగి, పుల్లబడి, చేపలు లేకుండా పోయాయి.

మన గోదావరి బొగ్గులో గంధకం తక్కువ. ఇక్కడే పొరపాటు పడతాం. గంధకం తక్కువ కాబట్టి ఆమ్లం లేదు, ఆమ్లం లేదు కాబట్టి నీళ్ళకి ఏమీ కాలేదు అని. ఇసుకరాతిలో అక్కడక్కడా సున్నపు పదార్థం ఉంటుంది. పుట్టిన కాస్త ఆమ్లాన్నీ సున్నం వెంటనే మింగేస్తుంది. మింగి, తను కరుగుతుంది. ఇక నీళ్ళు పరీక్షిస్తే పుల్లగా ఉండవు. పీహెచ్ ఏడో ఏడున్నరో ఉంటుంది, కాగితం మీద చూడముచ్చటగా ఉంటుంది. కానీ ఆ నీళ్ళలో రెండు కొత్తగా చేరాయి. గంధకం సల్ఫేటై మిగిలింది, సున్నం కాల్షియమై మిగిలింది. నీళ్ళు కఠినమయ్యాయి. పోట్లాట జరిగిన ఇంట్లో ఇద్దరూ రాజీపడ్డాక కూడా పగిలిన గిన్నెలు కింద ఉంటాయి కదా, సల్ఫేటూ కాఠిన్యమూ ఆ గిన్నె పెంకులు.

అందుకే బొగ్గుగని పక్క బావిలో పీహెచ్ మాత్రమే చూసి సంతోషపడకండి అని ముప్పై ఏళ్ళుగా చెబుతున్నాను. సల్ఫేట్ చూడండి. పీహెచ్ ఎప్పటికో కదులుతుంది, ఆ రాతిలో సున్నం అయిపోయాక. సల్ఫేట్ మొదటినుంచే పెరుగుతూ ఉంటుంది. భారత తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకి సల్ఫేట్ 200 మిల్లీగ్రాములు దాకా ఆమోదయోగ్యం, వేరే నీళ్ళు దొరకనిచోట 400 దాకా అనుమతి. కాఠిన్యం 200, దొరకనిచోట 600. ఒక బావిలో సల్ఫేట్ 30 ఉండేది, పదేళ్ళలో 180 అయిందనుకుందాం. ప్రమాణం లోపలే ఉంది. నివేదికలో ‘పరిమితికి లోబడి ఉన్నది’ అని రాస్తారు. ఆరు రెట్లు పెరిగిందని ఎవరూ రాయరు. పరిమితిని చూసే కన్ను వేరు, మార్పుని చూసే కన్ను వేరు. గని చుట్టూ బావులకి రెండో కన్ను కావాలి.

ఓపెన్‌కాస్ట్ గనుల దగ్గర నైట్రేట్ కూడా చూడాలి. పేలుళ్ళకి వాడేది అమ్మోనియం నైట్రేట్. అందులో కాలకుండా మిగిలింది వాననీళ్ళలో కలుస్తుంది. అయితే పొలాల యూరియా నుంచీ, పాయఖానా గుంతల నుంచీ కూడా నైట్రేట్ వస్తుంది కాబట్టి, ఒక్క అంకె చూసి ఎవరి మీదా నింద వెయ్యడం తగదు. పక్కన ఇంకో నాలుగు అంకెలు పెట్టి చూడాలి.

3

ఇప్పుడు ‘మాట’ గడి సంగతి. ఇక్కడ అక్కయ్యలు నన్ను సరిదిద్దాలి.

మా ఊళ్ళో ప్రతి వాడకీ రెండు రకాల బావులు ఉండేవి. మంచినీళ్ళ బావి, వాడుకనీళ్ళ బావి. ఏది ఏదో ఎవరు నిర్ణయించారు? ఏ ప్రయోగశాలా నిర్ణయించలేదు. కందిపప్పు నిర్ణయించింది. కఠిన జలంలో కాల్షియం, మెగ్నీషియం పప్పుగింజ గోడల్ని గట్టిపరుస్తాయి, ఎంతసేపు పొయ్యి మీద పెట్టినా పప్పు మెదగదు. అదే నీళ్ళలో సబ్బు నురగ రాదు, తెల్లటి తెట్టు కడుతుంది. ఇనుమున్న నీళ్ళతో టీ పెడితే నల్లబడుతుంది, ఎందుకంటే టీలోని వగరు ఇనుముతో కలిస్తే సిరారంగు వస్తుంది. బెంగాల్, అస్సాం వైపు జామాకు నలిపి నీళ్ళలో వేసి చూస్తారు. అదీ ఇదే రసాయనం. సల్ఫేట్ బాగా ఎక్కువైన నీళ్ళు అలవాటున్న వాళ్ళనేమీ చెయ్యవు, కొత్తగా వచ్చినవాళ్ళకి విరేచనాలు పట్టుకుంటాయి. ‘మీ ఊరి నీళ్ళు పడలేదు’ అని కొత్తల్లుడు అంటే అత్తగారు చిన్నబుచ్చుకోవడం కాదు, తేదీ వేసి రాసిపెట్టుకోవాలి.

నేను ఈ మాట ఊరికే ఆదరంతో చెప్పడం లేదు. ఏడాదికి ఒకసారో నాలుగుసార్లో వచ్చే సీసా ఒక వైపు, ఏడాదికి 365 రోజులూ పొయ్యి మీద పెట్టే పప్పు ఒక వైపు. మార్పుని ముందుగా పట్టేది రెండోదే. పప్పు సంఖ్య చెప్పలేదు, ఏ పదార్థమో చెప్పలేదు. రోజు మాత్రం చెబుతుంది. సీసాకి ఆ రోజు తెలియదు.

సీసాని కూడా చిన్నచూపు చూడొద్దు. దాని పద్ధతి దానికుంది, అది తప్పితే అబద్ధం చెబుతుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను ఒక పల్లె బావినుంచి అద్దంలాంటి నీళ్ళు సీసాలో పట్టి, మూతబిగించి, రెండు రోజుల తర్వాత ప్రయోగశాలలో ఇచ్చాను. ఇనుము దాదాపు లేదని వచ్చింది. ఆ ఊరి ఆడవాళ్ళు టీ నల్లబడుతోందని నాకు స్పష్టంగా చెప్పారు. నేను కాగితాన్ని నమ్మాను. ఆ తర్వాత ఎప్పుడో సీసా అడుగున ఎర్రటి మడ్డి చూశాను. నేలలో ఉన్నప్పుడు ఇనుము కరిగి, కనపడకుండా ఉంటుంది. గాలి తగలగానే తుప్పై అడుగుకి చేరుతుంది. పైతేట నీళ్ళు పరీక్షిస్తే ఇనుము లేనట్టే. లోహాల కోసం పట్టే సీసాలో అక్కడికక్కడే వడకట్టి, నత్రికామ్లం చుక్కలు వెయ్యాలి. సల్ఫేట్ కోసం వేరే సీసా, అందులో ఆమ్లం వెయ్యకూడదు. పీహెచ్, విద్యుద్వాహకత, ఉష్ణోగ్రత బావిగట్టునే కొలవాలి. పరిశీలన కోసం వేసిన సన్నబోరు అయితే గొట్టంలో నిలవున్న నీళ్ళు, కనీసం మూడు గొట్టాలంత, తోడి పారబోసి అప్పుడు పట్టాలి. రోజూ చేదే బావికి ఆ అవసరం లేదు, ఊరే తోడిపెట్టింది. ఇవన్నీ పాటించి ఉంటే ఆ ఊరి ఆడవాళ్ళ ముందు నేను తప్పు కాగితం పెట్టేదాన్ని కాదు. ఆ ఊరికి మళ్ళీ వెళ్ళి, తప్పు నాదేనని చెప్పి వచ్చాను. వాళ్ళు టీ ఇచ్చారు. నల్లగానే ఉంది.

4

ఎప్పుడు కొలవాలి? ఇది చిన్న ప్రశ్నలా కనపడుతుంది గాని, నాకు అన్నిటికన్నా బాధ కలిగించే ప్రశ్న ఇదే.

భారతదేశంలో చాలా బొగ్గుగనులకి ఇచ్చిన పర్యావరణ అనుమతుల్లో ఒక షరతు కనపడుతుంది. చుట్టుపక్కల ఉన్న బావుల్లోనూ, కొత్తగా వేసిన పరిశీలన బోర్లలోనూ నీటిమట్టాన్ని ఏడాదికి నాలుగుసార్లు, మే, ఆగస్టు, నవంబరు, జనవరి నెలల్లో కొలవాలి. మంచి షరతు. దాని పక్కనే ఇంకోటి. నీటి గుణాన్ని మే నెలలో పరీక్షించాలి. అంటే మట్టానికి నాలుగు, గుణానికి ఒకటి.

మే నెలకి తర్కం ఉంది. ఎండలకి నీళ్ళు అడుగంటి, ఉన్న ఉప్పులు చిక్కబడి ఉంటాయి, చెడు చెడుగానే కనపడుతుందని. కానీ ఇందాక చెప్పిన పైరైట్ కథ గుర్తు తెచ్చుకోండి. ఎండాకాలమంతా గనిలోంచి తవ్విపోసిన మట్టిగుట్టల మీద, పొడిబారిన గని గోడల మీద ఆ ఉప్పులు తెల్లగా, పసుపుగా పేరుకుంటూ ఉంటాయి. తొలకరి పడగానే కరిగి ఒక్కసారిగా దిగుతాయి. ఆ మొదటి వారాల నీళ్ళలో ఉండేది మే నెల సీసాలో ఉండదు. ఆగస్టులో మట్టం కొలిచేవాడు బావిగట్టు మీద నిలబడే ఉంటాడు, టేపు దింపుతాడు, సీసా దింపడు. వచ్చినవాడు వచ్చాడు, ఇంకో సీసా ఎందుకు దింపకూడదు? అన్ని పరీక్షలూ అక్కర్లేదు. విద్యుద్వాహకత కొలిచే చిన్న పరికరం చొక్కా జేబులో పడుతుంది. అది ఒక్కటి ముంచి, సల్ఫేట్‌కి ఒక సీసా పడితే చాలు. మే నెల చిత్రం నిశ్చలచిత్రం, నాలుగు కలిస్తే కథ తెలుస్తుంది.

మీకు ఇక్కడ మే, ఆగస్టుల తేడా అంతగా ఉండదు. ఏడాదంతా వానే. కాబట్టి ఇక్కడ ఇదే పని చెయ్యాలంటే వేరే పంచాంగం కావాలి. వారం రోజులు వాన లేని తర్వాత ఒకటి, పెద్దవాన మర్నాడు ఒకటి. డ్రెస్సర్ గారి పుస్తకంలో వాన గడి ఎందుకుందో ఇప్పుడు చూడండి.

5

ఇంతవరకూ గని పనిచేస్తున్న రోజుల సంగతి. గని రాకముందు?

నెల్లూరు జిల్లాలో ఫ్లోరోసిస్‌ని 1937లో షార్ట్ అనే వైద్యుడు, ఆయన సహచరులు గుర్తించి ప్రకటించారు. నల్గొండ పేరు మీకు తెలుసు. ఆ ఫ్లోరైడ్ ఏ కంపెనీ పోసింది కాదు, అక్కడి గ్రానైటు రాయిది. ఇప్పుడు ఒక బొగ్గుగని పక్క బావిలో ఫ్లోరైడ్ ఎక్కువుందని ఊరు ఫిర్యాదు చేసిందనుకోండి. గనివల్ల కాదు, రాయి స్వభావమే అంత అని గనివారు అంటారు. ఇద్దరిలో ఎవరు సరి? గని రాకముందు ఆ బావి నీళ్ళు ఎవరైనా పరీక్షించి పెట్టి ఉంటే ఒక్క నిమిషంలో తేలే విషయం. లేకపోతే ముప్పై ఏళ్ళు వాదించుకున్నా తేలదు. పాత అంకె లేని ఊరు సాక్షి లేని వాది. ఇటు గనికి కూడా అంతే, చెయ్యని తప్పు మెడకి చుట్టుకుంటుంది.

రెండో సాక్షి పోల్చి చూసుకునే బావి. గని ప్రభావం చేరని ఎగువ దిక్కున, అదే రాతిలో ఉన్న బావి ఒకటి ఎప్పుడూ లెక్కలో ఉండాలి. ఈ పాఠానికి మనం ఎక్కడికో పోనక్కర్లేదు, ఈ నేల మీదే జరిగింది. ఈ రేవు 1901 సెప్టెంబరులో పోర్ట్ స్వెటన్‌హామ్ పేరుతో తెరుచుకుంది. తెరవగానే మలేరియా విరుచుకుపడింది. ఆ ఏడాది మొదట్లోనే క్లాంగ్‌కి జిల్లా వైద్యుడుగా వచ్చిన మాల్కమ్ వాట్సన్ చిత్తడినేలలు ఎండగట్టించాడు, కాలవలు తవ్వించాడు. రోగాలు తగ్గాయి. అయితే వాట్సన్ గొప్పదనం కాలవలతో అయిపోలేదు. కాలవలు తవ్విన పట్నం అంకెల పక్కన, తవ్వని మిగతా జిల్లా అంకెలు పెట్టి ఏడాది ఏడాదికీ పట్టికలు వేశాడు. పట్నంలో తగ్గి పక్కన తగ్గకపోవడం వల్లే, అది వానల దయ కాదు, కాలవల ఫలం అని లోకం నమ్మింది. తర్వాత అవన్నీ 1911లో పుస్తకంగా వేశాడు. ఆ కాలవలు తవ్విన చేతుల్లో మన తాతల చేతులు కూడా ఉండి ఉంటాయని నాకు అనిపిస్తుంది. ఎస్టేటు డ్రెస్సర్ల లెక్కల పుస్తకాలు ఆ పట్టికల పిల్లలే.

6

చివరికి, గని పోయాక.

ఇదే సెలంగోర్ రాష్ట్రంలో, రవాంగ్ దగ్గర, బాతు ఆరంగ్ ఉంది. మీలో కొందరు పిల్లల్ని తీసుకుని చూసే ఉంటారు. మలయ్‌లో బాతు అంటే రాయి, ఆరంగ్ అంటే బొగ్గు. వాళ్ళు దాన్ని రాతిబొగ్గు అన్నారు, మనం రాక్షసిబొగ్గు అన్నాం. అక్కడ 1908లో బొగ్గు బయటపడింది. జె. ఎ. రస్సెల్ మొదలుపెట్టిన మలయన్ కాలరీస్ కంపెనీ 1913లో ఏర్పడింది, 1915 నుంచి తవ్వింది. ఈ దేశపు రైళ్ళు, తగరపు గనులు, కౌలాలంపూర్ కరెంటు ఆ బొగ్గు మీద నడిచాయి. 1937 మార్చిలో కార్మికులు సమ్మె కట్టి గనిని తమ చేతుల్లోకి తీసుకున్నారు. చమురు వచ్చాక బొగ్గుకి గిరాకీ పోయింది. 1960లో గని మూసేశారు.

1915 నుంచి 1960. నలభై ఐదేళ్ళు. మూసి ఇప్పటికి అరవై ఏళ్ళు దాటింది. గని బతికిన కాలంకన్నా గని పోయిన కాలమే ఎక్కువ. మోటర్లు ఆగాయి. సొరంగాల్లోకి నీళ్ళు ఎక్కాయి. ఓపెన్‌కాస్ట్ గుంతలు చెరువులయ్యాయి, పక్కన చెట్లు పెరిగాయి, జనం వచ్చి ఫొటోలు తీసుకుంటున్నారు. ఊరి కింద పాత సొరంగాలు ఇంకా ఉన్నాయి. నేల పైన గని చచ్చిపోయింది. నేల కింద, నీళ్ళ లెక్కలో, అది ఇంకా బావే. తోడేవాడు లేని బావి.

మోటరు ఆపాక ఏం జరుగుతుంది? ఎండి, గాలి తగిలి, ఉప్పులు పట్టిన గోడలన్నీ మళ్ళీ మునుగుతాయి. ఆ ఉప్పులన్నీ కరుగుతాయి. మట్టం పైకొస్తుంది, కొన్ని చోట్ల కొద్ది ఏళ్ళలో, కొన్ని చోట్ల దశాబ్దాల్లో. ఎప్పుడో ఎక్కడో ఒక పల్లంలో బయటికి వస్తుంది. సరిగ్గా ఆ సమయానికి గని లేదు, కార్యాలయం లేదు, సీసా పట్టేవాడు లేడు. జర్మనీలో రూర్ లోయవాళ్ళు దీన్ని ముందుగా లెక్కేసుకున్నారు. అక్కడి చివరి బొగ్గుగని, బాట్రాప్‌లో, 2018 డిసెంబరులో మూసేశారు. దానికి పదకొండేళ్ళ ముందే, 2007లో, గని నీళ్ళు తోడే ఖర్చు కోసం ఒక ధర్మనిధి సంస్థ పెట్టారు. వాళ్ళ భాషలో ఆ పనులకి పెట్టిన పేరుకి అర్థం ‘అనంతకాలపు బాధ్యతలు’. గని మూసినా నీళ్ళు తోడడం, చూడడం అనంతకాలం సాగాలని వాళ్ళు రాసుకున్నారు. మన గోదావరి లోయలో ఎన్నో బాయిలు ఇప్పటికే మూతపడ్డాయి, ఇంకొన్ని పడబోతున్నాయి. మన ధర్మనిధి ఏది? ఈ ప్రశ్న నేను ఎవరినీ వేలెత్తి చూపించి అడగడం లేదు. అక్కడ పుట్టినదాన్ని కాబట్టి అడుగుతున్నాను.

ఇది పల్లె బావుల సంగతి, క్లాంగ్ వాళ్ళం మేం కొళాయి నీళ్ళు తాగుతున్నాం కదా అని మీరు అనుకోవచ్చు. 2014 కరువు గుర్తుందా? బెస్తారి జయ దగ్గర పాత తగరపు గనుల గుంతల్లో నిలిచిన నీళ్ళని సెలంగోర్ నదిలోకి తోడారు. ఆ నీళ్ళలో లోహాలున్నాయా లేవా అని అప్పుడు పెద్ద చర్చ జరిగింది. తగరపు గనిది, బొగ్గు గనిది కాదు, అయినా పాఠం ఒకటే. పనికిరాదని వదిలేసిన గని గుంత ఒకనాడు మన కుండలోకి వస్తుంది. వచ్చిన రోజున హడావుడిగా సీసాలు పట్టడం వేరు, ముప్పై ఏళ్ళ పట్టిక చేతిలో ఉండడం వేరు. 2020 సెప్టెంబరులో రవాంగ్ దగ్గర ఒక ఏరు కలుషితమై నాలుగు నీటిశుద్ధి కేంద్రాలు ఆగినప్పుడు, ట్యాంకరు ముందు బకెట్లు పెట్టుకుని నిలబడ్డవాళ్ళు ఈ హాల్లోనే చాలామంది ఉన్నారు. బొగ్గు కూడా మీకు దూరం కాలేదు. మనకి ఉత్తరాన కాపర్ కరెంటు కేంద్రంలో ఓడల మీద వచ్చిన బొగ్గు కాలుతోంది. ఆ బొగ్గు తవ్విన చోట కూడా ఏదో ఒక ఊరు ఉంటుంది, ఆ ఊళ్ళో బావులుంటాయి.

ఇక పుస్తకం ఎవరి దగ్గర ఉండాలన్నది. గని దగ్గర ఒకటి ఉండాలి, ప్రభుత్వం దగ్గర ఒకటి ఉండాలి. మూడోది నీళ్ళు తాగేవాళ్ళ దగ్గర ఉండాలి, వాళ్ళ భాషలో, చివరి గడితో సహా. గనులు చేతులు మారతాయి, అధికారులు బదిలీ అవుతారు. బావి పక్క ఇల్లు మాత్రం అక్కడే ఉంటుంది.

డ్రెస్సర్ గారి పుస్తకంలో చివర పదకొండు పేజీలు ఖాళీగా ఉన్నాయి. వాళ్ళ పెద్దమ్మాయి గారు నిన్న సాయంత్రం నాతో ఒక మాట అన్నారు. నాన్న ఆ పేజీలు చించనివ్వలేదు, వేరే పనికి వాడనివ్వలేదు అని. ఆమె అనుమతితో, మీ బడి టీచర్లు ఒప్పుకున్నాక, ఒక పని అనుకున్నాం. వచ్చే శనివారం పొద్దున్న ఏడున్నరకి ఈ హాలు ముందు వ్యాను ఆగుతుంది. బాతు ఆరంగ్ వెళ్తాం. అక్కడివాళ్ళ అనుమతి అడిగి, ఎవరి పెరట్లోనైనా పాతబావి ఉంటే, ఒర మీద రంగుతో ఒక గుర్తు పెట్టి, మట్టం కొలిచి, మొదటి వరస రాస్తాం. పరికరం నా దగ్గర ఉంది, సీసాలు ఉన్నాయి, మంచుపెట్టె కావాలి. ఎవరింట్లోనైనా పాత చేంతాడు ఉంటే తీసుకురండి, నైలాన్‌ది కాకపోయినా పరవాలేదు. ఆ ఇంటి ఇల్లాలిని ఏం అడగాలో వెనక బల్లల పిల్లలు ఈ వారంలో మలయ్‌లో నేర్చుకుని రావాలి: మీ పప్పు ఎలా ఉడుకుతోంది, టీ ఏ రంగులో వస్తోంది.